డాక్టరు చీటీ రాశాక మొదలయ్యే పని: చదువుల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే దారిలో ఉన్నాయి. ఆసుపత్రి పని, సమాజ సేవ రెండూ కలిసిన చదువులు చదవచ్చా, చదివితే తిండి పెడతాయా, ఎక్కడ చదవాలి, ఇవే. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి జరిపి పేజీ మొత్తం వీటికే ఇచ్చేస్తున్నా. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు, ఊరు మాత్రం ఉంచాను.

ప్రశ్న (గాజువాక నుంచి ఒక తండ్రి): మేడమ్ గారూ, మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసయ్యింది, నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇంగ్లండ్‌లో హెల్త్ అండ్ సోషల్ కేర్ అని మూడేళ్ల డిగ్రీ ఉంది, చదివితే ఆసుపత్రుల్లో ఉద్యోగం గ్యారంటీ, ఆ తర్వాత అక్కడే సెటిలైపోవచ్చు అంటున్నారు. నేను కాంట్రాక్టు వర్కర్‌ని. ఇల్లు తాకట్టు పెట్టి లోను తియ్యడానికి రెడీగా ఉన్నాను. పంపమంటారా?

జవాబు: అయ్యా, ఇల్లు తాకట్టు మాట కాసేపు పక్కన పెట్టండి, ముందు ఆ కోర్సు ఏంటో చూద్దాం. అది చెడ్డ కోర్సేం కాదు. పెద్దవాళ్ల సంరక్షణ, వికలాంగులకి ఇంటి దగ్గర అందే సాయం, పిల్లల రక్షణ, ప్రజారోగ్యం, వీటికి సంబంధించిన చట్టాలు, ఆ సర్వీసులు నడిపే పద్ధతి, ఇవన్నీ నేర్పిస్తారు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు అది చదివి కౌన్సిల్ ఆఫీసుల్లోనో ఛారిటీల్లోనో కేర్ హోమ్ మేనేజ్‌మెంట్‌లోనో చేరుతుంటారు. కానీ మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ డిగ్రీతో మీ అమ్మాయి నర్సు అవ్వదు, సోషల్ వర్కర్ కూడా అవ్వదు. అక్కడ నర్సుగా పని చెయ్యాలంటే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌లో పేరుండాలి, ఫిజియోథెరపీ, రేడియోగ్రఫీ లాంటి వాటికి హెచ్‌సీపీసీ అనే ఇంకో కౌన్సిల్ ఉంది, సోషల్ వర్కర్లకైతే సోషల్ వర్క్ ఇంగ్లండ్ అనే సంస్థ 2019 డిసెంబర్ నుంచి ఆ పని చూస్తోంది. ఆ సంస్థ అప్రూవ్ చేసిన కోర్సు చదివి రిజిస్టర్ అయితే తప్ప అక్కడ సోషల్ వర్కర్ అని చెప్పుకోవడానికే చట్టం ఒప్పుకోదు. హెల్త్ అండ్ సోషల్ కేర్, సోషల్ వర్క్, పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కానీ రెండూ వేరు వేరు డిగ్రీలు.

ఇంక గ్యారంటీ ఉద్యోగం సంగతి. ఆ మాట ఒకప్పుడు ఎందుకు నమ్మబుద్ధి అయ్యేదో చెప్తాను. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్ ఉద్యోగాలకి కూడా హెల్త్ అండ్ కేర్ వీసా తెరిచారు, అప్పుడు మన జిల్లాల నుంచి కూడా పిల్లలు వెళ్లారు. 2024 మార్చి 11 నుంచి ఆ వీసా మీద వెళ్లే కేర్ వర్కర్లు భార్యాబిడ్డల్ని తీసుకెళ్లకూడదన్నారు. 2025 జులై 22 నుంచి బయటి దేశాల వాళ్లని కేర్ వర్కర్లుగా కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. చదువు అయ్యాక పని వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లది, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి, పీహెచ్‌డీ వాళ్లు తప్ప, అది 18 నెలలే. చదువుకునేటప్పుడు క్లాసులున్న రోజుల్లో వారానికి 20 గంటలు మించి పని చెయ్యకూడదు, ఆ డబ్బుతో ఫీజు కట్టేస్తుందిలే అని ఎవరైనా అంటే నమ్మకండి.

కన్సల్టెన్సీ వాళ్లని ఒక్క మాట అడగండి. ఈ కోర్సుని అక్కడి ఏ కౌన్సిల్ అప్రూవ్ చేసింది, కాగితం మీద రాసి ఇస్తారా అని. నిజంగా తెలిసినవాళ్లైతే ఇది రిజిస్ట్రేషన్ ఇచ్చే కోర్సు కాదండీ అని వాళ్లే చెప్తారు. మాట దాటేస్తే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి.

ఆసుపత్రి పనే కావాలంటే బైపీసీ మీద ఇక్కడే బీఎస్సీ నర్సింగ్ ఉంది, నాలుగేళ్లు. అది అయ్యాక రిజిస్ట్రేషన్ వస్తుంది, తర్వాత ఏ దేశం వెళ్లాలన్నా ఆ రిజిస్ట్రేషన్ మీదే నడుస్తుంది. ఫిజియోథెరపీ ఉంది, ల్యాబ్, డయాలసిస్, అనస్థీషియా టెక్నాలజీ లాంటి అలైడ్ హెల్త్ కోర్సులు ఉన్నాయి. నర్సింగ్ తప్ప మిగతా వీటిని ఒక గొడుగు కిందకి తేవడానికి 2021లో కేంద్రం చట్టం చేసింది, ఆ జాబితాలో మెడికల్ సోషల్ వర్కర్ (జబ్బుతో పాటు వచ్చే ఇంటి కష్టాలు, డబ్బు కష్టాలు చూసేవాళ్లు), సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కూడా ఉన్నారు.

ఇంకొక్కటి అయ్యా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అమ్మాయికి ఏం ఇష్టమో అందులో ఎక్కడా లేదు. రక్తం చూస్తే తట్టుకోగలదా, ముసలివాళ్లతో గంటలు గంటలు కూర్చోగలదా, లేకపోతే ల్యాబ్‌లో మౌనంగా పని చేసుకోవడం నచ్చుతుందా, ఈ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట అడిగి చూడండి.

ప్రశ్న (మధురవాడ నుంచి ఒక గృహిణి): అక్కా, మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు, అన్నీ నేనే చూసుకుంటున్నా. డాక్టర్లు కూడా బాగా చూసుకుంటున్నావమ్మా అంటున్నారు. ఇంటర్ దగ్గర ఆపేసిన చదువు మళ్లీ మొదలుపెట్టి ఇలాంటి పని మీదే ఏదైనా చదవాలని ఉంది. వయసు 38. ఇల్లు వదిలి కాలేజీకి వెళ్లలేను.

జవాబు: చెల్లీ, చదువు సంగతి చెప్పే ముందు ఒకటి అడుగుతాను, అత్తగారికి పింఛను పెట్టారా? సదరం క్యాంపులో, అంటే వైకల్యం ఎంతో తేల్చే ప్రభుత్వ శిబిరంలో, డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇస్తారు, పక్షవాతంతో పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన వాళ్లకి మన రాష్ట్రంలో 2024 నుంచి నెలకి 15,000 రూపాయలు ఇస్తున్నారు. మీ సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీని కలిసి స్లాట్ ఎప్పుడు దొరుకుతుందో కనుక్కో. ఎంతోమంది కోడళ్లు ఏళ్ల తరబడి చాకిరీ చేస్తారు గానీ ఇలాంటిది ఒకటి ఉందని వాళ్లకి చెప్పేవాళ్లే ఉండరు. పెద్దవాళ్ల విషయంలో ఏ సందేహమొచ్చినా 14567కి ఫోన్ చెయ్యి, అది ఎల్డర్ లైన్, డబ్బులు పడవు.

చదువుకొస్తే, ఇగ్నో దూరవిద్యలో బీఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్ డిగ్రీ ఉంది, ఇంటర్ పాసైతే చాలు, మూడేళ్ల కోర్సుని ఆరేళ్ల లోపు ఎప్పుడైనా పూర్తి చేసుకోవచ్చు, నీలాంటి వాళ్ల కోసమే ఆ వెసులుబాటు. విశాఖలోనే వాళ్ల రీజనల్ సెంటర్ ఉంది. దూరవిద్య అయినా ఫీల్డ్ వర్క్ మాత్రం తప్పదు, అది ఇంట్లో కూర్చుని రాసేసేది కాదు, వారంలో కొంత టైమ్ బయటికి వెళ్లాల్సిందే, ఆ టైమ్‌లో అత్తగారి దగ్గర ఎవరుంటారో మీ ఆయనతో ముందే మాట్లాడుకో. నీకు చేతనైన పని చిన్నదనుకోకు. రెండేసి గంటలకి పక్కకి తిప్పి పడుకోబెట్టడం, కూర్చోబెట్టి మెల్లగా తినిపించడం, వీపు మీద ఎర్రబడిందేమో రోజూ చూసుకోవడం, ఇవి నర్సింగ్ పిల్లలకి నేర్పడానికి మేం చాలా తంటాలు పడతాం.

ప్రశ్న (పెందుర్తి నుంచి ఒక అబ్బాయి): బీఏ అయిపోయింది మేడమ్. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చదవాలనుకుంటున్నా, మెడికల్ అండ్ సైకియాట్రిక్ వైపు ఇంట్రెస్ట్ ఉంది. ఇంట్లో మా మావయ్య ఒకటే మాట, సాయం చెయ్యడానికి డిగ్రీ ఎందుకురా, మంచి మనసుంటే చాలదా, రెండేళ్లు వేస్ట్ అని. ఏం చెప్పాలో తెలియట్లేదు.

జవాబు: బాబూ, మీ మావయ్య ప్రశ్న మంచిదే, దానికి సరైన జవాబు చెప్పాలి. నేను ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్‌గా ఉండి మీలాంటి పిల్లల ఫీల్డ్ వర్క్ చూసేటప్పుడు జరిగింది ఒకటి చెప్తాను, ఆయనకి కూడా వినిపించు.

ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద పనిచేసే కళాసీ ఒకతను, టీబీ. మందులు కనీసం ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకి దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది, ఇంక రావడం మానేశాడు. వార్డులో అందరూ అన్నది ఒకటే, చదువుకోలేదు కదా, ఎంత చెప్పినా వినరు అని. మంచి మనసున్నవాళ్లే అన్నారు ఆ మాట. మా దగ్గరకొచ్చిన స్టూడెంట్ ఒకమ్మాయి జాలరిపేటలో వాళ్లింటికి వెళ్లింది, వెళ్లగానే మందులెందుకు మానేశావని అడగలేదు, వేట ఎలా ఉందన్నా అని మొదలుపెట్టింది. అప్పుడు బయటపడింది అసలు విషయం. బోటు ఒకసారి కదిలితే రెండు మూడు వారాలు సముద్రం మీదే. తోటి కళాసీలు మాత్రలు చూస్తే బోటు నడిపించే సరంగు ఎక్కనివ్వడు, ఎక్కకపోతే వాటా పోతుంది, వాటా పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అతనికి మందుల విలువ తెలియక కాదు, మందులు కావాలా కూడు కావాలా అంటే కూడే ముందని లెక్క వేసుకున్నాడు.

ఆ అమ్మాయి ఏం చేసిందంటే, అతన్ని అడిగి, అతను సరే అన్నాకే సరంగుతో మాట్లాడింది. మందులు సక్రమంగా పడుతుంటే కొన్ని వారాల్లోనే ఇంకొకరికి అంటించే ప్రమాదం బాగా తగ్గిపోతుందని డాక్టరు చేత చెప్పించింది, అతనికి మళ్లీ పరీక్షలు చేయించి, వేటకి వెళ్లే ముందే నెలకి సరిపడా మందులు చేతికొచ్చేలా టీబీ మందులిచ్చే డాట్స్ సెంటర్ వాళ్లతో మాట్లాడింది, టీబీ పేషెంట్లకి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు అతని ఖాతాలో ఎందుకు పడట్లేదో చూస్తే బ్యాంకు వివరాల్లో తేడా ఉంది, అది సరి చేయించింది. అప్పట్లో నెలకి 500, 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. ఇదంతా రాసి పెట్టింది కూడా, ఎప్పుడు ఎవరితో ఏం మాట్లాడిందో, తన వల్ల ఏం అయ్యిందో ఏం కాలేదో.

ఇప్పుడు మీ మావయ్యని అడుగు. ముందు అతని అనుమతి తీసుకోవాలని, ఇంటికెళ్లి తప్పు పట్టకుండా ఎలా మాట్లాడాలో, ఏ ఆఫీసులో ఏ టేబుల్ దగ్గర పని ఆగిపోయిందో పట్టుకోవడం, ఇదంతా మనసుంటే వచ్చేస్తుందా? మనసు ఉండాలి, అది లేకుండా ఈ పనిలోకి రానే కూడదు, కానీ దాని పక్కన పనితనం ఉండాలి, ఆ పనితనం కోసమే రెండేళ్లు. కేస్ వర్క్, గ్రూప్ వర్క్, కమ్యూనిటీ ఆర్గనైజేషన్ అని పేపర్లుంటాయి, అంటే ఒక్క మనిషితో, కొందరితో, బస్తీ మొత్తంతో ఎలా పనిచెయ్యాలో, పేర్లు చూసి బోరు కొడతాయనుకోకు, పైన చెప్పిన కథలో ఆ మూడూ ఉన్నాయి.

చేరడానికి ఏ డిగ్రీ అయినా పర్లేదు, పీజీసెట్ ఎంట్రన్స్ రాయాలి. వారంలో కొన్ని రోజులు క్లాసులు, కొన్ని రోజులు ఫీల్డ్ వర్క్, చివర్లో ఒకే చోట ఉండి చేసే బ్లాక్ ప్లేస్‌మెంట్, ఒక డిసర్టేషన్. నా మట్టుకు నేను క్లాసు మార్కుల కంటే ఫీల్డ్ వర్క్ డైరీనే చూసేదాన్ని. ఈ చదువుకి విశాఖని మించిన ఊరు మన రాష్ట్రంలో తక్కువ. కేజీహెచ్, ఆంధ్రా మెడికల్ కాలేజీ రెండూ 1923 నాటివి, శ్రీకాకుళం ఉద్దానం కిడ్నీ పేషెంట్ల నుంచి పాడేరు, అరకు ఏజెన్సీ వాళ్లు, ఒడిశాలో కోరాపుట్ వాళ్ల దాకా అందరూ ఇక్కడికే వస్తారు. చినవాల్తేరులో మానసిక వైద్యశాల ఉంది, హనుమంతవాక దగ్గర విమ్స్ ప్రభుత్వాసుపత్రి ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇన్ని రకాల కష్టాలు, ఇన్ని భాషలు ఒకే ఊళ్లో చూస్తావు.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. చాలా పోస్టులు కాంట్రాక్టువే, మొదట్లో జీతం తక్కువ, ఐటీలో చేరిన ఫ్రెండ్స్‌తో పోల్చుకుంటే బాధేస్తుంది. హెచ్ఐవీ కౌన్సెలర్ పోస్టులు, జిల్లా బాలల రక్షణ యూనిట్లు, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటర్లు, మెడికల్ కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు, కార్పొరేట్ ఆసుపత్రుల్లో పేషెంట్ కౌన్సెలింగ్, స్వచ్ఛంద సంస్థలు, ఇవీ దారులు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఎంఎస్‌డబ్ల్యూ ఒక్కటే చాలదు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం దాని మీద సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఎంఫిల్ కూడా ఉండాలి, బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్ల కూడా సీట్లు కొన్నే ఉంటూ వచ్చాయి, ఇప్పుడు ఎంఫిల్‌లో చేర్చుకుంటున్నారో లేదో ముందే కనుక్కో. నువ్వు చేరబోయే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, గతేడాది ఈ పోస్టులకి వచ్చిన నోటిఫికేషన్లు ఓ నాలుగైదు తీసి అర్హత అనే చోట ఏం రాశారో చదువు, స్పెషలైజేషన్ దాన్ని బట్టి ఎంచుకో. కోర్సు అయిపోయాక నోటిఫికేషన్ చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లల్ని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

ప్రశ్న (ఎంఎస్‌డబ్ల్యూ చదువుతున్న అమ్మాయి, విశాఖ): మేడమ్, నాకు ఫీల్డ్ వర్క్ ఒక పెద్దాసుపత్రి పిల్లల వార్డులో వేశారు. ఏజెన్సీ నుంచి వచ్చిన ఒకావిడ, తెలుగు సరిగా రాదు, కువి భాష మాట్లాడుతుంది, బాబుకి సీరియస్. నేను రోజూ వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. డబ్బుల్లేవంటే నా దగ్గరున్న 500 ఇచ్చాను. బాబు చనిపోయాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది, నాకు అర్థం కాలేదు. అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. ఈ కోర్సుకి నేను పనికిరానేమో.

జవాబు: తల్లీ, నిద్ర పట్టకపోవడం పనికిరాకపోవడానికి గుర్తు కాదు. ఒక తల్లి పక్కన కూర్చున్నావు, ఆవిడ బిడ్డ పోయాడు, నిద్ర పట్టదు. కొన్నాళ్లు పట్టదు. వారాలు గడిచినా అలాగే ఉంటే, తిండి సహించకపోతే 14416కి ఫోన్ చెయ్యి, అది మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ లైన్ టెలిమానస్, తెలుగులోనే మాట్లాడతారు, సోషల్ వర్క్ చదివేదాన్ని నేనే ఫోన్ చెయ్యడమేంటని మొహమాటపడకు.

ఆ 500 సంగతి. నువ్వు చేసింది పాపం కాదు, కానీ ఇంకోసారి చెయ్యకు, ఎందుకో చెప్తాను. రేపు పక్క మంచం ఆవిడ అడుగుతుంది, నీ దగ్గర ఉండవు. ఇంకోటి, డబ్బు చేతులు మారాక ఆవిడ నీతో మాట్లాడే తీరు మారిపోతుంది, నీకు కోపం తెప్పించకూడదని ఉన్న మాట చెప్పడం మానేస్తుంది. డబ్బు అవసరమైతే ఆసుపత్రిలోనే దారులు వెతకాలి, ఉచిత వైద్యం పథకం వైద్య సేవ కౌంటర్‌లో దారి చూపే వైద్యమిత్ర ఉంటారు, ఏజెన్సీ వాళ్ల కోసం ఎస్టీ సెల్ ఉందేమో కనుక్కో, ఉంటే వాళ్ల భాష వచ్చినవాళ్లు దొరకొచ్చు. లేకపోతే వరండాలో చూడు, అదే వైపు నుంచి వచ్చిన రెండు భాషలూ తెలిసిన బంధువు ఎవరో ఒకరు ఉంటారు, కానీ జబ్బు సంగతులు వాళ్ల చేత చెప్పించే ముందు ఆ తల్లికి ఇష్టమేనా అని సైగతోనైనా అడుగు.

ఆవిడ చెయ్యి పట్టుకుని ఏం అడిగిందో మనకి ఎప్పటికీ తెలియకపోవచ్చు. కానీ అలాంటప్పుడు వార్డులో తల్లులు ఎక్కువగా అడిగేది, బిడ్డని ఇంటికెలా తీసుకెళ్లాలి అని. చేతిలో డబ్బు లేదు, ప్రైవేటు అంబులెన్సు వాళ్లు కొండ మీదకి వేలు అడుగుతారు. ప్రభుత్వాసుపత్రిలో చనిపోయినవాళ్లని ఊరికి చేర్చడానికి మహాప్రస్థానం వాహనాలున్నాయి, ఫ్రీ. ఏ గదిలో ఎవరికి చెప్పాలి, ఏ కాగితం కావాలి, రాత్రి పూట ఎవరుంటారు, రోడ్డు ఎక్కడిదాకా ఉంది, అక్కడి నుంచి డోలీ కట్టుకుని నడవాలా, ఎదురు రావడానికి ఊళ్లో ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఇవన్నీ కనుక్కుని నీ డైరీలో మొదటి పేజీలో రాసి పెట్టుకో. నీ తర్వాత ఆ వార్డుకి వచ్చే స్టూడెంట్‌కి కూడా అది పనికొస్తుంది.

జరిగింది జరిగినట్టు ప్రాసెస్ రికార్డింగ్ రాయి, నువ్వు ఏడ్చింది కూడా రాయి, 500 కూడా రాయి, దాచకు. అది తీసుకుని మీ ఫ్యాకల్టీ సూపర్‌వైజర్ దగ్గరకెళ్లు. ఐదు నిమిషాల్లో సంతకం పెట్టి పంపేస్తే ఊరుకోకు, మేడమ్ నాకు ఈ కేసు మీద మాట్లాడాలి అని టైమ్ అడుగు. అది నీ హక్కు, సూపర్‌విజన్ లేని ఫీల్డ్ వర్క్ పిల్లల్ని నిలువునా అరగదీస్తుంది.

ప్రశ్న (సీతమ్మధార నుంచి ఒక స్టాఫ్ నర్సు): అవయవదానం దగ్గర కోఆర్డినేటర్లుగా పనిచేసేవాళ్లని చూశాను మేడమ్, ఆ పనిలోకి వెళ్లాలంటే మళ్లీ ఎంఎస్‌డబ్ల్యూ చెయ్యాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. 2014 నాటి అవయవ మార్పిడి నిబంధనల్లో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా నర్సులకి నేరుగా అవకాశం ఉంది, వేరే డిగ్రీ వాళ్లైతే సోషల్ వర్క్, సోషియాలజీ, పబ్లిక్ హెల్త్ లాంటి పీజీ ఉంటే మేలన్నారు. బ్రెయిన్ డెడ్ అని తేలిన గంటలో, ఇంకా గుండె కొట్టుకుంటున్న మనిషి పక్కన ఆ కుటుంబంతో మాట్లాడాల్సిన పని అది, అందుకే ముందు కోఆర్డినేటర్లకిచ్చే ట్రైనింగ్ తీసుకో. మన రాష్ట్రంలో ఈ వ్యవహారం మొత్తం జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం చూస్తుంది, నగరంలో దాని కింద రిజిస్టరైన ఏదైనా ఆసుపత్రిలో ఇప్పుడున్న కోఆర్డినేటర్‌ని కలిసి, ఒక రోజు పక్కనుండి చూడనిస్తారా అని అడుగు.